తన మాటను తానే దిద్దుకొనుట

కృష్ణా డెల్టాలోని యొక గ్రామమున మా చిరకాల మిత్రులొకరు గలరు. భూవసతి గల కుటుంబము. నీటికాసుల వ్యాధిచేత వారి చూపు క్రమక్రమముగా సన్నగిల్లి, కొన్నియేండ్ల క్రిందట పూర్తిగా పోయినది. అయినను వారు వ్యవహారమును విడిచిపెట్టలేదు. కౌలుదారులతోను, బ్యాంకుతోను, పట్టణములందున్న బిడ్డలతోను చేతిఫోను మీదనే ఉత్తర ప్రత్యుత్తరములు జరుపుకొనుచున్నారు. కడచిన వేసవిలో వారి కాలువగట్టు క్రింది రెండెకరముల చెక్కను కొనగోరి యొకరు మధ్యవర్తిచేత కబురు పంపిరి. మా మిత్రులకు అమ్ము తలంపు లేదు. ఫోనును నోటిదగ్గర పెట్టుకొని "పొలం అమ్మను" అని పలికిరి. ఫోను ఆ మాటను విని "పొలం అమ్మాను" అని వ్రాసినది.

భేదము ఒక్క దీర్ఘము. కాని ఆ దీర్ఘములో రెండెకరముల మాగాణి యున్నది. పంపుటకు ముందు వ్రాతను ఫోనుచేతనే చదివించుకొనుట మా మిత్రుల అలవాటు గనుక తప్పు చెవిని బడినది. ప్రక్కనున్న మేనల్లుడు, "ఇలా ఇవ్వండి మామయ్యా, నేను దిద్దిపెడతాను" అని చేయి చాచెను. వారు ఇయ్యలేదు. "నా పొలం సంగతి నేను రాసుకోలేనట్రా?" అని నవ్వి, రెండు మూడు నిమిషములు శ్రమపడి, ఆ దీర్ఘమును తామే తొలగించి, మరల చదివించుకొని, అటుపిమ్మట పంపిరి. ఆ రెండు మూడు నిమిషముల శ్రమయే ఈ వ్యాసమునకు విషయము. కన్నులున్న మేనల్లునికి అది రెండు క్షణముల పని. మామగారికి అంత కాలమేల పట్టినది? అందులో ఆయన అశక్తత యెంత, యంత్రము చేసినవారి అజాగ్రత్త యెంత?

చూపు లేనివారి విద్యను గూర్చి మాటవచ్చినపుడెల్ల లోకము మొదట అడుగునది, "వారు చదువగలరా?" అని. కొంత దయగలవారు "వ్రాయగలరా?" అనికూడ అడుగుదురు. "తాము వ్రాసినదానిని తామే దిద్దుకొనగలరా?" అని అడుగువారు మిక్కిలి అరుదు. వ్రాతకోతలు తెలిసిన మా పాఠకులు తమ అనుభవమునే తలచుకొందురు గాక. ఏ అర్జీయైనను, ఏ దస్తావేజు చిత్తైనను మొదటి వ్రాతతో ముగియునా? ఒక మాట కొట్టివేయుదుము. ఒక వాక్యమును క్రిందినుండి పైకి జరుపుదుము. అంకెలను మరల సరిచూతుము. వ్రాతలో సగము దిద్దుబాటే. ఆ సగము పరుల చేతిలో నున్నంతకాలము మిగిలిన సగము కూడ మనది కాదు.

ఇది క్రొత్త కష్టము కాదు. ఆంగ్ల మహాకవి మిల్టను 1652 నాటికి చూపు పూర్తిగా కోల్పోయెను. 1667లో ప్రకటితమైన ఆయన మహాకావ్యము "పారడైజ్ లాస్ట్" ఇతరులకు చెప్పి వ్రాయించినది. కల్పన ఆయనది, పలుకు ఆయనది. కాని ఒక పదమును మార్చవలెనన్న మరియొకరి కన్నును, మరియొకరి చేతిని అర్థింపవలసినదే. మన భారతకథలో ధృతరాష్ట్రునకు యుద్ధవార్తలు చెప్పుటకు సంజయుడు దొరకెను. అతడు చెప్పుచుండగా రాజు వినెను. వినుటయే గాని ఆ రాజు చేయగలిగినది లేదు. నేటి ఫోను కూడ చూపు లేనివారికి సంజయునివలె చదివి వినిపించుచున్నది. చాలదు. వినిపించు సంజయునితోబాటు చెప్పినట్లు దిద్దు లేఖకుడు కూడ వారికి కావలెను.

చూపు లేనివారు స్వయముగా వ్రాయుటకు జరిగిన ప్రయత్నములకు రెండువందల యేండ్ల చరిత్ర గలదు. ఇటలీ దేశమున 1808 ప్రాంతమున పెల్లెగ్రీనో టుర్రి యను నతడు చూపులేని యొక ప్రభుకాంత తన యుత్తరములు తానే వ్రాసికొనుటకై టైపు యంత్రము నొకదానిని నిర్మించెను. ఆమె దానిపై కొట్టిన ఉత్తరములు కొన్ని నేటికిని నిలిచియున్నవి. నేడు కార్యాలయములందు అందఱును వాడు మీటల వ్రాతకు మూలపురుషులలో ఒకడు చూపులేని స్త్రీకై శ్రమించినవాడనుట గమనింపదగిన సంగతి. కాని ఆ యంత్రముపై కొట్టిన కాగితమును ఆమె తిరిగి చదువుకొనజాలదు. తప్పు దొరలినచో ఆమెకు తెలియదు.

ఆ కొఱతను తీర్చినది బ్రెయిలీ లిపి. ఫ్రాన్సు దేశీయుడైన లూయీ బ్రెయిలీ 1809లో పుట్టి, మూడవ యేట కంటికి గాయమై చూపు కోల్పోయి, 1829లో తన చుక్కల లిపిని ప్రకటించెను. ఆరు చుక్కల అమరికతో అక్షరములన్నియు వ్రేలికి తెలియును. మన దేశభాషల కన్నిటికిని ఒక్క తీరుగా భారతీ బ్రెయిలీ 1951లో ఏర్పడినది. తెలుగు అందులో నొకటి. చూపు లేనివాడు తాను వ్రాసినది తానే చదువుకొనుట దీనితో సాధ్యమైనది. అయినను కాగితముపై లేచిన చుక్కను గోటితో నొక్కి చదును చేయవచ్చును గాని, పంక్తి నడుమ ఒక మాట చేర్పవలెనన్న చోటుండదు. పుట అంతయు మరల వ్రాయవలసినదే. దిద్దుకొను సౌకర్యము నిజముగా అందినది కంప్యూటరు వచ్చిన పిమ్మటనే. తెరమీది వ్రాతను గొంతుకతో చదువు సాధనము, వ్రేళ్లకు తగులు మీటలు, ఈ రెండును కలిసినప్పుడు చూపు లేనివాడు బాణపుగుర్తు మీటలతో అక్షరము అక్షరము కదలుచు, షిఫ్టు మీటను అదిమిపట్టి కావలసిన మాటలను ఎంచుకొని, తీసివేసి, మరియొకచోట అతికింపగలిగెను.

ఆ మేలు కొంతకాలము చేతిఫోనులకు కూడ దక్కినది. మీటలున్న పాత నోకియా ఫోనులలో టాక్స్, మొబైల్ స్పీక్ అను చదువు సాధనములు పనిచేసెడివి. వానిలో కొన్నిటికి పెన్సిలు బొమ్మగల మీట యొకటి యుండెడిది. దానిని అదిమిపట్టి ప్రక్కకు నడచినచో వ్రాత ఎంపిక యగును. బొటనవ్రేలికి ఆ మీట యెక్కడనున్నదో తెలియును గనుక కన్నుతో పనిలేదు.

2007లో ఐఫోను వచ్చినది. మీటలు పోయి నున్నని గాజుపలక మిగిలినది. చూచువారికది వింత వేడుక. చూపు లేనివారికది తలుపులు గొళ్లెములు లేని గోడ. ఎక్కడ తాకినను ఒక్కటే నునుపు. తాకినంతమాత్రమున ఏదో యొకటి జరిగిపోవును. ఏమి జరిగినదో తెలియదు. ఇక ఈ ఫోనులు మనకు కావని యనుకొన్నవారు పలువురు.

అట్లనుకొనక పనిచేసినవారు కొందఱు గలరు. 2008లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు షాన్ కేన్, జెఫ్రీ బిగం, జేకబ్ వాబ్రాక్ అనువారు స్లైడ్ రూల్ అను పద్ధతిని ప్రకటించిరి. గాజుపై వ్రేలు జరుపుచుండగా వ్రేలిక్రిందిది పలుకవలెను. పని జరుగుటకు వేఱొక తాకిడి యుండవలెను. ఇదియే దాని సారము. 2009 జూనులో యాపిల్ సంస్థ తన కంప్యూటర్లలోని వాయిస్‌ఓవర్ సాధనమును ఐఫోను లోనికి తెచ్చినది. వ్రాతను కాపీచేసి అతికించు సౌకర్యము ఆ ఫోనుకు వచ్చినదియు ఆ నెలలోనే. అనగా అంతవఱకు కన్నులున్నవారికి కూడ ఐఫోనులో ఆ భాగ్యము లేదు! అదే యేట గూగుల్ సంస్థ ఆండ్రాయిడ్ ఫోనులకు టాక్‌బ్యాక్ సాధనమును ఇచ్చినది. ఆ సంస్థలో ఈ కృషికి తోడ్పడిన ముఖ్యులలో టి. వి. రామన్ గారు మన దేశమువారు. పూణేలో పుట్టి, పదునాలుగవ యేట చూపు కోల్పోయి, 1994లో కార్నెల్ విశ్వవిద్యాలయమున డాక్టరు పట్టమందినవారు. తొలుత మీటలనో గుండ్రని బంతినో నమ్ముకొన్న టాక్‌బ్యాక్, 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ నాలుగవ సంస్కరణముతో గాజును వ్రేలితో తడిమి తెలిసికొను పద్ధతిని పొందినది.

ఇట్లు గోడకు తలుపు తెఱచుకొన్నది. నేడు చూపు లేనివాడు ఫోనుపై వార్తలు వినగలడు, డబ్బు పంపగలడు, రైలు టిక్కెట్టు కొనగలడు. ఇన్ని సులువైనను ఒక్కపని కష్టముగనే మిగిలినది. అది వ్రాతలో కావలసినచోటికి చేరి, కావలసినంత మేర పట్టుకొని, దానిని మార్చుట.

కన్నులున్నవారు ఈ పని యెట్లు చేయుదురు? మాటపై వ్రేలు కొంతసేపు ఉంచుదురు. ఆ మాటకు రంగు పట్టి రెండు కొసల రెండు చిన్న పిడులు లేచును. పిడిని పట్టి లాగినచో ఎంపిక పెరుగును, తగ్గును. పైన కట్, కాపీ, పేస్ట్ అను పట్టీ కనబడును. ఇందులో ప్రతి మెట్టును కంటిమీద ఆధారపడినదే. ఆ పిడి గోరంతైనను ఉండదు, వ్రేలిక్రిందనే దాగును. చదువు సాధనము పనిచేయుచున్నపుడు ఒక వ్రేలిని జరుపుట అనగా "ఇక్కడ ఏమున్నది?" అని అడుగుట మాత్రమే గనుక, ఆ వ్రేలితో పిడిని లాగుట కుదరదు. కాబట్టి చూపు లేనివారికి వేఱుదారి వేయవలసి వచ్చినది.

ఆ దారి యిట్టిది. మొదట కర్సరు ఎంతెంత అడుగు వేయవలెనో నిర్ణయింపవలెను. అక్షరము చొప్పుననా, మాట చొప్పుననా, పంక్తి చొప్పుననా? వాయిస్‌ఓవర్ నందు రెండు వ్రేళ్లను గాజుపై నుంచి గుండ్రని మరను త్రిప్పినట్లు త్రిప్పవలెను; దానికి రోటరు అని పేరు. టాక్‌బ్యాక్ నందు మూడు వ్రేళ్లతో ప్రక్కకో పైకో జరిపి అదే పని చేయవచ్చును. అడుగు నిర్ణయమైన పిమ్మట ఒక వ్రేలితో క్రిందికి ఈడ్చినచో కర్సరు ముందుకును, పైకి ఈడ్చినచో వెనుకకును నడచును. ఎంపిక చేయవలెనన్న, మొదలు పెట్టుచోట గుర్తు పెట్టి, అదే అడుగులతో కొసవఱకు నడచి, కాపీయో కట్టో చేయవలెను. తరువాత వేఱొక చోటికి పోయి, మరల రోటరు త్రిప్పి, పేస్ట్ చేయవలెను. చెప్పుటకే ఇంత కాలము పట్టినది; చేయుటకు ఎంత ఓర్పు కావలెనో పాఠకులే ఊహింపగలరు.

అన్నిటికంటె చిక్కైనది కర్సరు ఉనికి. అది అక్షరముపై నిలువదు. రెండక్షరముల నడుమ నిలుచును. ఫోను పలుకునది తాను దాటివచ్చిన అక్షరమును. ముందుకు నడచినపుడు విన్న అక్షరము కర్సరునకు వెనుకబడును. తొలగింపు మీట నొక్కినచో ఆ విన్న అక్షరమే పోవును. వెనుకకు నడచినపుడు విన్న అక్షరము కర్సరునకు ముందుండును. మీట నొక్కినచో దానికి పూర్వమున్న అక్షరము పోవును. చెవికి రెండు సందర్భములందును వినబడునది ఒక్కటే. ఫలితము మాత్రము వేఱు. కన్నులున్నవానికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. సన్నని గీత కనబడుచునే యుండును. చూపు లేనివాడు తాను ఎటునుండి వచ్చెనో జ్ఞాపకముంచుకొనవలెను.

మా మిత్రుల రెండు మూడు నిమిషములు ఎందుకు గడచినవో ఇప్పుడు బోధపడును. "పొలం అమ్మాను" అను వాక్యము చివర కర్సరు నిలిచియున్నది. వారు అక్షరముల అడుగున వెనుకకు నడచిరి. "ను" అని వినబడినది. ఇంకొక అడుగు వేసిరి. "మ్మా" అని వినబడినది. దొరికినదని తొలగింపు మీట నొక్కిరి. పోయినది "మ్మా" కాదు. దానికి ముందున్న "అ". మిగిలినది "పొలం మ్మాను". చదివించుకొని, నవ్వుకొని, "అ" మరల చేర్చి, ఈ మాఱు చివరనుండి "ను" వినబడగానే ఆగిరి. చెవికి వినబడినది "ను". కాని కర్సరునకు వెనుక నున్నది "మ్మా". మీట ఒక్కసారి నొక్కిరి. దీర్ఘము రాలిపోయి "మ్మ" మిగిలినది. "పొలం అమ్మను" అని ఫోను చదివినది.

ఇందులో మన లిపికి చెందిన మర్మమొకటి కలదు. ఆంగ్ల లిపిలో అక్షరమునకు అక్షరము విడిగా నిలుచును. ఒకసారి నొక్కినచో ఒక అక్షరము పోవును. తెలుగులో అట్లు కాదు. కంటికి ఒక్క అక్షరముగా కనబడునది యంత్రము లోపల పలు గుర్తుల గుత్తి. "స్త్రీ" యను నొక్క అక్షరమును తీసికొందము. సకారము, పొల్లు, తకారము, పొల్లు, రేఫము, దీర్ఘమైన గుడి. మొత్తము ఆరు గుర్తులు. కర్సరు సాధారణముగా ఆ గుత్తి నంతను ఒక్క అంగలో దాటును. కాని వెనుకనుండి తొలగింపు మీట నొక్కినచో పెక్కు మీటల పలకలలో ఒక్కొక్క గుర్తే రాలును. అనగా దాటుటకు ఒక లెక్క, తుడుచుటకు మరియొక లెక్క. చూచువాడు అక్షరము క్రమముగా విరుగుటను చూచుచు సరిపోగానే ఆగును. వినువానికి ఆ విరిగిన ముక్కలను పలికి చెప్పవలసినది గొంతుక. అది "గుడి పోయినది, రేఫము పోయినది" అని స్పష్టముగా చెప్పినచో చిక్కులేదు. పలుకకున్నను, పొల్లును గుడిని ఒకే తీరున మింగివేసినను, చూపు లేనివాడు చీకటిలో కొడవలి త్రిప్పినట్లే.

మన లిపి ఈ యంత్రములకు ఎంత పరాయిదో 2018 ఫిబ్రవరిలో లోకమునకంతటికిని తెలిసినది. "జ్ఞా" అను అక్షరమును ఒకానొక గుర్తుల వరుసలో పంపినచో ఆనాటి ఐఫోనులలో సందేశముల యాప్‌లు కుప్పగూలిపోయెడివి. ఆ నెలలోనే యాపిల్ సంస్థ దిద్దుబాటు పంపి దోషమును తొలగించినది. జ్ఞానమను మాటలోని మొదటి అక్షరమే యంత్రమును మూర్ఛపుచ్చినదని పలువురు పరిహాసమాడిరి. మాకు తోచినది వేఱు. కోట్లమంది వ్రాయు భాషలోని అక్షరమును ఫోను నిర్మించినపుడు తగినట్లు పరీక్షింపలేదని యది చాటినది. చూచువారికే ఈ గతి పట్టినప్పుడు, గొంతుకను నమ్ముకొని తెలుగు దిద్దుకొనువారి యిబ్బందిని ముందుగా పరీక్షించి చూచువా రెందఱుందురు?

"ఇంత తంటాలెందుకు? తప్పు వచ్చినచో మొత్తము తుడిచి మరల పలికిన చాలదా?" అని కొందఱు అడుగుదురు. నాలుగు మాటల కబురునకు చాలును. నాలుగు పుటల అర్జీకి చాలదు. మరల పలికినపుడు మరియొకచోట తప్పు దొరలదను హామీ యెవరిచ్చిరి? ఇంటిపేర్లు, సర్వే నంబర్లు, గ్రామనామములు, సంస్కృత సమాసములు, వీనిని యంత్రము తరచుగా పొరబడి వినును. పైగా నలుగురున్నచోట పలుకరాని మాటలు కొన్ని యుండును. వైద్యునికి వ్రాయు లేఖను, అప్పు సంగతిని, భార్యాభర్తల ముచ్చటను బస్సులో బిగ్గరగా పలుకుమనుట మర్యాదయా?

అందుకే గాజుపైననే బ్రెయిలీ వ్రాయు పద్ధతి వచ్చినది. ఐఫోనులో 2014 నుండియు, టాక్‌బ్యాక్ నందు 2020 నుండియు ఇది కలదు. ఫోనును అడ్డముగా పట్టుకొని ఆరు వ్రేళ్లను గాజుపై చుక్కలుగా మోపినచో అక్షరములు పడును. అలవాటైనవారు దీనితో వేగముగా వ్రాయుదురు. 2021లో టాక్‌బ్యాక్ పలువ్రేళ్ల సంజ్ఞలను తెచ్చి, ఎంపిక, కాపీ, పేస్ట్ పనులకు పట్టీలు వెదకు అవస్థను కొంత తగ్గించినది. విడిగా చిన్న మీటల పలకను ఫోనుకు తగిలించుకొని, షిఫ్టు మీటతోను బాణపుగుర్తులతోను పూర్వమువలెనే ఎంపిక చేయువారును గలరు. స్తోమతు గలవారికి అది సుఖమైన మార్గము. కాని జేబులో ఫోనుతోబాటు పలకను కూడ మోయుమనుట, గాజును బాగుచేయవలసినవారి భారమును వాడువారి భుజమున పెట్టుటయే యగును.

ఇది కేవలము సౌకర్యముల ముచ్చట కాదు. నేడు బ్యాంకుపని యందు ఆరంకెల రహస్యసంఖ్య యొకటి సందేశముగా వచ్చును. కొద్ది నిమిషములలో దానిని వేఱొక యాప్‌లో నింపవలెను. గడువు దాటినచో మరల మొదలు. ఫోను తానై ఆ సంఖ్యను అందించినచో సరే. అందింపనపుడు సందేశములోని ఆ ఆరంకెలను మాత్రమే ఎంచి, కాపీచేసి, వెనుకకు పోయి, అతికింపవలెను. అక్షరము అక్షరము నడచువానికి గడియారము శత్రువగును. విసుగెత్తి ప్రక్కవానికి ఫోనిచ్చి "ఆ నంబరు కొట్టు" అన్న క్షణమున తన ధనము తాళపుచెవి పరహస్తగతమైనట్లే. పరహస్తగతమైన పుస్తకము, విత్తము తిరిగివచ్చుట కల్ల యని మన పెద్దలు చెప్పుచునే యుందురు గదా!

ఈ కష్టము ఏ కొద్దిమందిదో కాదు. 2011 జనాభా లెక్కలలో మన దేశమున చూపునకు సంబంధించిన వైకల్యము గలవారు 50 లక్షలకు పైబడి నమోదైరి. ఆ లెక్కలో చేరక, వార్ధక్యమున చూపు మందగించి అక్షరము పోల్చుకొనలేని తండ్రులు, తాతలు ప్రతి యింటను గలరు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సమాచార సాధనములు వారికి అందునట్లు చూడవలెనని ప్రభుత్వమునకు విధి నేర్పరచినది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలను అందుకొనుట రాజ్యాంగము 21వ అధికరణములోని జీవించు హక్కులో అంతర్భాగమని తీర్పు చెప్పినది. ఫోనుమీదనే బ్యాంకు ఖాతాకు గుర్తింపు నిరూపించుకొనవలసి వచ్చినపుడు చూపు లేనివారును, ఆసిడు దాడికి గురియైనవారును పడు ఇక్కట్లపై వచ్చిన వ్యాజ్యమది. చట్టము కలదు, తీర్పు కలదు. ఇక కావలసినది చేతలు.

చేయవలసినవి అసాధ్యములు కావు. ఫోను నిర్మించువారు కర్సరు ఏ రెండక్షరముల నడుమ నున్నదో అడిగిన వెంటనే పలికించు సంజ్ఞ నొకదానిని నమ్మకముగ నుంచవలెను. ఎంపిక ఎచ్చట మొదలైనది, ఎచ్చట ముగిసినది, మొత్తము ఎన్ని మాటలు అను సంగతి కట్ చేయుటకు ముందే వినబడవలెను. పొరబాటున పోయినదానిని వెనుకకు రప్పించు మార్గము అందఱికిని తెలియునంత సులువుగా నుండవలెను. తెలుగు గొంతుకలు గుణింతమును, ఒత్తును, పొల్లును పేరుపెట్టి పలుకవలెను. హ్రస్వదీర్ఘముల భేదమును చెవికి తేటపఱచవలెను. దాటుటకును తుడుచుటకును ఒకే లెక్క యుండునట్లో, లేదా ఏ లెక్క నడచుచున్నదో తెలియునట్లో చేయవలెను. తెలుగు తెలిసిన చూపులేని వారిని కూర్చుండబెట్టి పరీక్షింపనిదే ఏ తెలుగు మీటల పలకను జనుల మీదికి విడువరాదు.

మనవైపు యాప్‌లు వ్రాయువారికిని ఒక విన్నపము. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములందు సర్కారు సేవలు నానాటికి ఫోనుల లోనికి వచ్చుచున్నవి. వ్రాయుగడికి పేరు పెట్టకపోయినచో చదువు సాధనము "వ్రాయుగడి" అని మాత్రమే పలుకును. అది ఇంటిపేరునకో, సర్వే నంబరునకో తెలియదు. కొందఱు భద్రతపేర గడులలో పేస్ట్ చేయుటనే నిషేధింతురు. ఆ నిషేధము దొంగను ఎంతవఱకు ఆపునో గాని, అక్షరము అక్షరము తడుముకొను నిజాయితీపరుని మాత్రము తప్పక ఆపును. పాఠశాలలందు చూపులేని బాలబాలికలకు ఫోను చదివించుకొనుట నేర్పినంతమాత్రమున చాలదు, దిద్దుట నేర్పవలెను. కర్సరు నడక, ఎంపిక, వెనుకకు రప్పించుట, ఇవి వారికి ఓనమాలవంటివి.

కడపట ఇండ్లలోనివారికి. మా మిత్రుల మేనల్లుడు దుర్మార్గుడు కాడు. ప్రేమగలవాడు, ప్రేమచేతనే చేయి చాచినాడు. మనమందఱమును అట్లే చేయుదుము. కన్నులు లేనివారు తడుముకొనుట చూచి ఓర్వలేక ఫోను లాగికొని పని ముగింతుము. ఆ సాయముతో ఆ పూట పని తీరును. వారి అభ్యాసము మాత్రము అక్కడనే నిలిచిపోవును. అడిగినపుడు చెప్పుదము, అడుగనపుడు ఓపికతో కూర్చుందము. రెండు నిమిషములు ఆలస్యమైనంతమాత్రమున కొంప మునుగదు.

ఆ కబురు పంపిన మఱునాడు మధ్యవర్తి మా మిత్రుల యింటికి వచ్చెనట. "అమ్మనని రాశారు, మళ్లీ ఆలోచిస్తారేమో కనుక్కుందామని వచ్చానండీ" అనెనట. "ఆలోచించే రాశానయ్యా. ఆ మాటను దిద్ది మరీ పంపాను" అని వారు బదులు చెప్పిరట. కాలువగట్టు క్రింది రెండెకరములును నేటికిని వారి పట్టాలోనే యున్నవి.